అన్‌డూ లేని బొమ్మలు

టోపీ నీడలో సగం దాగిన ముఖం. చెంప మీదా గడ్డం మీదా బంగారు రంగు వెలుతురు. వెనకాల కుంకుమ కలిపినట్టున్న నారింజ ఆకాశం. చుట్టూ చిన్న చిన్న బొమ్మలుగా మిగతా పాత్రలు, కొరడా, గుర్రాలు, దుమ్ము. ఇండియానా జోన్స్ అనగానే మనలో చాలామందికి మనసులో మెదిలేది ఇలాంటి దృశ్యమే. తమాషా ఏమిటంటే ఈ దృశ్యం ఆ సినిమాల్లో ఎక్కడా లేదు. కెమెరా తీసింది కాదది. డ్రూ స్ట్రుజన్ అనే ఆయన అట్ట మీద రంగు పెన్సిళ్ళతో గీసింది. "స్టార్ వార్స్", "బాక్ టు ది ఫ్యూచర్", "ది థింగ్", "ది గూనీస్", మపెట్ల సినిమాలు, మొదటి "హారీ పాటర్" - వీటన్నిటికీ ఆయన చేతి పోస్టర్లున్నాయి. మొత్తం మీద 150కి పైగా సినిమా పోస్టర్లు గీశారంటారు. 2025 అక్టోబరు 13న, 78 ఏళ్ళ వయసులో పోయారు. అంతకు కొన్ని నెలల ముందే ఆయన భార్య డిలన్, ఆల్జైమర్స్ వ్యాధి వల్ల ఆయనిక బొమ్మలు వెయ్యలేరనీ, అభిమానులకు సంతకాలు కూడా పెట్టలేరనీ చెప్పారు.

టెక్నాలజీ శీర్షికలో ఈ బొమ్మల గొడవేమిటని అడగొచ్చు. కారణం ఉంది. ఈయన వృత్తికి ఎదురొచ్చి, చివరికి దాన్ని చాలావరకు మింగేసింది మనందరికీ తెలిసిన ఒక సాఫ్ట్‌వేరు. అది పుట్టింది కూడా ఎక్కడో కాదు, స్ట్రుజన్‌కి పేరు తెచ్చిన "స్టార్ వార్స్" వాళ్ళ ఇంటి అరుగు మీదే. ఈ కథని అందరూ చేతిపనికీ కంప్యూటరుకీ మధ్య యుద్ధంగా చెబుతారు. ఆ లెక్క నాకు కుదిరినట్టు అనిపించదు. కుంచె పోయి మౌసు వచ్చినందువల్ల కలిగిన తేడా కొంతే. ఒక బొమ్మ పూర్తయిందని చెప్పే హక్కు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయిందో చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది.

స్ట్రుజన్ 1947లో ఆరెగాన్ రాష్ట్రంలోని ఆరెగాన్ సిటీలో పుట్టారు. లాస్ ఏంజెలెస్ ఆర్ట్ సెంటర్ కాలేజీలో చదువుకున్నారు. చేతిలో డబ్బు ఆడని రోజులవి. గాలరీల్లో వేలాడే బొమ్మల కన్నా పత్రికలకీ, ప్రకటనలకీ వేసే బొమ్మలకి కూలి త్వరగా ముడుతుందని ఆ దారి పట్టారు. మొదట్లో పాటల రికార్డుల అట్టలు చేశారు. 1973లో బ్లాక్ సాబత్‌కీ, 1975లో ఆలిస్ కూపర్‌కీ వేసినవి ఇప్పటికీ ఆ సంగీతం వినేవాళ్ళ ఇళ్ళల్లో ఉంటాయి.

సినిమా లోకానికి ఆయన పనితనం తెలిసొచ్చింది 1978లో. అంతకు ముందు ఏడాది వచ్చిన "స్టార్ వార్స్"ని మళ్ళీ విడుదల చేస్తూ కొత్త పోస్టరు కావాలన్నారు. ఆ పని చార్లెస్ వైట్ అనే ఎయిర్‌బ్రష్ చిత్రకారుడికి వచ్చింది. యంత్రాలు, మెరిసే లోహం అంటే వైట్‌కి వెన్నతో పెట్టిన విద్య. మనుషుల ముఖాల కోసం ఆయన స్ట్రుజన్‌ని తోడు పిలిచారు. మనుషులు ఈయన వాటా, మరమనుషులు ఆయన వాటా. ఇద్దరూ కలిసి పాతకాలపు సర్కసు పోస్టరు ఫక్కీలో వేశారు. తీరా చూస్తే అడుగున నటీనటుల, సాంకేతిక నిపుణుల పేర్లు వెయ్యడానికి చోటు చాలలేదు. ఇంకొకరైతే బొమ్మని కుదించేవారు, లేదా మళ్ళీ మొదటినుంచీ గీసేవారు. వీళ్ళు బొమ్మ చుట్టూ ఒక ప్లైవుడ్ గోడ గీసేశారు. ఆ గోడకి అంటించిన పోస్టరు అంచులు చిరిగి లేచిపోతున్నట్టు చూపించారు. పోస్టరులో ఇంకో పోస్టరన్నమాట. పేర్లకి కావలసినంత చోటు దొరికింది. ఇప్పుడు అభిమానులు దాంట్లో ముందుగా మెచ్చుకునేది ఆ చిరుగులనే. బగ్గుని ఫీచరు చెయ్యడం అని మనం ఆఫీసులో జోకులేసుకుంటాం కదా, నిజంగా చేస్తే ఇలా ఉంటుంది.

ఆయన పని తీరుని కాస్త తీరిగ్గా చూడాలి. ముందు మామూలు పెన్సిలుతో నమూనాలు గీస్తారు. ఆ వృత్తిలో వాటిని కాంప్‌లంటారు. ఒక్కో సినిమాకి చాలా కాంప్‌లు గీసి దర్శకుడికీ స్టూడియోకీ చూపిస్తారు. అందులో ఒకటి ఖాయమవుతుంది. షూటింగులో తీసిన స్టిల్ ఫొటోలు ముందేసుకుని, ఒకదాంట్లోంచి ముఖం, ఇంకోదాంట్లోంచి భుజాల తీరు, వేరొకదాంట్లోంచి వెలుతురు తీసుకుని అసలు బొమ్మ మొదలుపెడతారు. మందపాటి అట్ట మీద జెస్సో అనే సుద్దలాంటి తెల్లపూత వేస్తారు. అది మరీ నున్నగా ఉండదు, కుంచె చారలు పైకి తెలుస్తూనే ఉంటాయి. ఆ తెలుపు మీద పెన్సిలుతో బొమ్మంతా పూర్తిగా గీస్తారు. దాని మీద ఎయిర్‌బ్రష్‌తో, అంటే గాలి ఒత్తిడితో రంగుని మంచులా చిమ్మే పెన్నులాంటి పనిముట్టుతో, బాగా పలచన చేసిన అక్రిలిక్ రంగులు పొర మీద పొరగా వేస్తారు. కింది పెన్సిలు బొమ్మ ఆ పొరల్లోంచి కనబడుతూనే ఉంటుంది. అప్పుడు రంగు పెన్సిళ్ళు బయటికొస్తాయి. మన పిల్లల స్కూలు బాగుల్లో ఉండేలాంటివే, కాస్త మేలురకం. వెంట్రుకలు, కనురెప్పలు, నుదుటి ముడతలు, తోలు కోటు మీది గీతలు, అన్నీ వాటితోనే. ఆఖర్న మళ్ళీ ఎయిర్‌బ్రష్‌తో అక్కడక్కడ మెరుపు.

ఇందులో రంగు ఎలా పనిచేస్తుందో గమనించండి. మన మానిటరు వెలుతురుని తనే పుట్టిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ పూర్తిగా వెలిగిస్తే తెలుపు వస్తుంది, ఆర్పేస్తే నలుపు. అట్ట మీద వ్యవహారం తలకిందులు. గదిలో వెలుతురు పలచని రంగు పొరల్లోంచి లోపలికి పోయి, తెల్లటి జెస్సోని తాకి, మళ్ళీ అవే పొరల్లోంచి మన కంటికి వస్తుంది. ప్రతి పొరా దార్లో కొంత వెలుతురుని మింగేస్తుంది. అందుకే ఆయన గీసిన ముఖాలు పైనుంచి రంగు పూసినట్టుండవు, చర్మం లోపలినుంచి కాగడా పట్టినట్టుంటాయి. ఆ కాగడా నిజానికి అడుగున ఉన్న తెలుపే. దీనికి ఒక షరతుంది. ఆ తెలుపుని ఒకసారి కప్పేశాక మళ్ళీ అలాగే బయటికి తియ్యలేరు. పైన తెల్ల రంగు పూయొచ్చు గాని అది సున్నం కొట్టినట్టుంటుంది, వెలుతురులా ఉండదు. మన భాషలో చెప్పాలంటే అది ఒకసారే రాయగలిగిన మెమొరీ. ఎక్కడ ఖాళీ వదలాలో మొదటి పొర వెయ్యకముందే తెలిసుండాలి.

ఇంక ఆయన రంగుల ఎంపిక. ఒక వైపునుంచి వేడి వెలుతురు, పసుపూ నారింజా. ఇంకో వైపునుంచి చల్లటి వెలుతురు, నీలమో ఊదానో. ముఖం ఆ రెండిటి మధ్య సరిహద్దు. తర్వాతి రోజుల్లో హాలీవుడ్ ప్రతి సినిమాకీ కంప్యూటరులో నారింజా, నీలం కలిపి పులిమి విసుగెత్తించింది గాని, స్ట్రుజన్ చేతిలో దానికొక అర్థం ఉండేది. వేడి పక్కన సాహసం, చల్ల పక్కన ప్రమాదం. ఇంకో అలవాటు కూడా ఉంది. మధ్యలో ముఖాన్ని చెక్కినట్టు పూర్తిచేసి, అంచులకొచ్చేసరికి వదిలేస్తారు. గీతలు గీతల్లాగే ఉండిపోతాయి. చూసేవాడి కన్ను మిగతాది పూర్తిచేసుకుంటుంది. ఫొటోకి ఈ వెసులుబాటు లేదు. అది అంచుదాకా ఒకేలా అన్నీ చెప్పేస్తుంది.

ఆయన వేగం గురించి ఒక కథ ప్రచారంలో ఉంది, ఆయన స్వయంగా చెప్పిందే. 1982లో జాన్ కార్పెంటర్ తీసిన "ది థింగ్"కి పోస్టరు కావాలని ఫోను వచ్చింది. సినిమా ఫొటోలు లేవు. 1951లో వచ్చిన పాత సినిమాకి ఇది కొత్త రూపమన్న సంగతి తప్ప కథ గురించి ఆయనకి తెలిసింది పెద్దగా లేదు. మర్నాడు పొద్దున్నకల్లా బొమ్మ కావాలి. మంచులో వేసుకునే కోటులాంటిది తనే తొడుక్కుని నిలబడితే భార్య పోలరాయిడ్ ఫొటోలు తీశారు. కోటు టోపీలో ముఖం ఉండాల్సిన చోట తెల్లటి వెలుగు కిరణాలు చిమ్ముతున్నట్టు రాత్రికి రాత్రి గీశారు. పొద్దున్నే వచ్చిన మనిషి పట్టుకెళ్ళేటప్పటికి రంగింకా ఆరలేదట. ఆ సినిమాలో రాక్షసికి సొంత రూపం లేదు, ఎవరి రూపంలోనైనా ఉండొచ్చు. సినిమా చూడని మనిషి గీసిన ముఖం లేని ఆ బొమ్మకన్నా దానికి సరిపోయే పోస్టరుని ఇంకెవరు గీసినా గీయలేరని నా నమ్మకం. సమాచారం లేకపోవడమే అక్కడ డిజైను అయింది. నాలుగు మీటింగులు పెట్టుంటే నటుడు కర్ట్ రస్సెల్ ముఖం కనపడాల్సిందేనని ఎవరో ఒకరు పట్టుబట్టి ఉండేవారు.

"బాక్ టు ది ఫ్యూచర్" పోస్టరు ఈ కాలమ్ చదివే వాళ్ళలో సగంమందికి కళ్ళు మూసుకున్నా కనబడుతుంది. 1985లో వచ్చిన మొదటి సినిమాకి, డెలోరియన్ కారులోంచి ఒక కాలు బయటపెట్టి చేతి గడియారం చూసుకుంటున్న కుర్రాడు, కింద మంటలు రేగుతున్న టైరు గుర్తులు. 1989లో రెండో సినిమాకి అదే భంగిమ, పక్కన డాక్టర్ బ్రౌన్ వచ్చి చేరాడు. 1990లో మూడో దానికి అదే భంగిమలో ముగ్గురు. ఒక్క మాట రాయకుండా ఇది ఎన్నో భాగమో తలలు లెక్కపెట్టుకోమన్నాడు. వెర్షన్ నంబరింగ్ ఇంతకన్నా చక్కగా ఎవరూ చెయ్యలేదు.

మన వైపు పుట్టి పెరిగినవాళ్ళకి చేత్తో వేసిన సినిమా బొమ్మలు కొత్త కాదు. సినిమా హాళ్ళ ముందు ఎన్టీ రామారావు బుగ్గల మీద గులాబీ రంగు, విలన్ ముఖం మీద ఆకుపచ్చ నీడ చూస్తూ పెరిగిన తరం మనది. చిన్న బొమ్మ మీద గళ్ళు గీసి, ఆ గళ్ళ లెక్కన ఇంతెత్తు కటౌటు మీదికి పెంచేవాళ్ళు. పబ్లిసిటీ డిజైనరు ఈశ్వర్, బాపుగారి "సాక్షి"తో మొదలుపెట్టి కొన్ని వందల సినిమాలకి పనిచేసి, ఆ అనుభవమంతా "సినిమా పోస్టర్" అని ఒక పుస్తకంగా రాశారు. ఆ హాళ్ళ ముందు పెయింటర్లని పంపించేసింది ఫ్లెక్స్ ప్రింటింగు. అమెరికాలో జరిగింది దానికన్నా కాస్త చిక్కైన కథ.

ఇప్పుడు సాఫ్ట్‌వేరు సంగతికి వద్దాం. మిషిగన్ విశ్వవిద్యాలయంలో గ్లెన్ నోల్ అనే న్యూక్లియర్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు ఉండేవారు. ఆయనకి ఫొటోల పిచ్చి. ఇంటి బేస్‌మెంటులో ఫొటోలు కడుక్కునే చీకటిగది ఉండేది. ఆయన కొడుకులు థామస్, జాన్. థామస్ అదే విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తూ 1987లో, తన నలుపు తెలుపు మాకింటోష్ తెర మీద బూడిద ఛాయలున్న బొమ్మలు చూపించడానికి చిన్న ప్రోగ్రాము రాసుకున్నాడు. జాన్ అప్పటికి కాలిఫోర్నియాలో ఇండస్ట్రియల్ లైట్ అండ్ మాజిక్‌లో ఉద్యోగి. అది "స్టార్ వార్స్" కోసం జార్జ్ లూకాస్ పెట్టిన స్పెషల్ ఎఫెక్ట్స్ కంపెనీ. అక్కడ పిక్సార్ ఇమేజ్ కంప్యూటరు చేసే పనులు చూసిన జాన్‌కి తమ్ముడు... కాదు, థామసే పెద్దవాడు, అన్నయ్య రాసిన ప్రోగ్రాము కూడా ఇంచుమించు ఇవే పనులు చేస్తుందని తట్టింది. ఇద్దరూ కలిసి దాన్ని పెంచారు. 1990 ఫిబ్రవరిలో అడోబీ దాన్ని ఫొటోషాప్ పేరుతో అమ్మకానికి పెట్టింది. 2013లో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ఆ తొలి వెర్షన్ సోర్సు కోడుని బయటపెట్టింది. దాదాపు 1,28,000 లైన్లు, ఎక్కువ భాగం పాస్కల్‌లో, మిగతాది చాలావరకు మోటరోలా 68000 అసెంబ్లీలో. చదవగలిగిన వాళ్ళకి ఒక వారాంతం హాయిగా గడుస్తుంది. ఈ జాన్ నోల్ తర్వాత 1999, 2002, 2005లలో వచ్చిన "స్టార్ వార్స్" సినిమాలకి విజువల్ ఎఫెక్ట్స్ సూపర్‌వైజరుగా పనిచేశాడు. ఆ మూడు సినిమాలకీ పోస్టర్లు చేత్తో గీసింది స్ట్రుజన్. ఫొటోషాప్ కన్నవాడూ, ఫొటోషాప్ ముట్టనివాడూ ఒకే సినిమాకి పనిచేశారు. లూకాస్‌కి ఇద్దరూ కావలసి వచ్చారు. ఆయనా, స్టీవెన్ స్పీల్‌బర్గ్ ఇద్దరూ పత్రికల బొమ్మలు వేసిన నార్మన్ రాక్‌వెల్ చిత్రాలని సేకరించే మనుషులు. బొమ్మ గీసేవాడికి వాళ్ళిద్దరూ ఇచ్చిన చనువు హాలీవుడ్‌లో మిగతావాళ్ళు ఇవ్వలేదు.

ఫొటోషాప్ మొదటి వెర్షన్లు నిజానికి అట్ట మీద రంగులాంటివే. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ అతికించి వదిలేస్తే, కింది పిక్సెళ్ళు పోయినట్టే. అన్‌డూ ఉండేది, ఒక్క మెట్టు వెనక్కి మాత్రమే. 1994లో మూడో వెర్షన్‌లో లేయర్లొచ్చాయి. ఒక్కో ముఖాన్నీ విడిగా ఒక అద్దం పలక మీద పెట్టుకుని ఎప్పుడు కావాలంటే అప్పుడు జరుపుకోవచ్చు. 1998లో అయిదో వెర్షన్‌లో హిస్టరీ పాలెట్ వచ్చింది. చాలా మెట్లు వెనక్కి వెళ్ళొచ్చు. ఇవి రెండూ కళాకారుడికి వరాలని మనం అనుకుంటాం, నిజమే. అయితే ఆ వరం బల్లకి అవతల కూచున్న మనిషికి ఇంకా ఎక్కువ ఉపయోగపడింది.

కన్సల్టింగ్ చేసేవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. మార్పు చెయ్యడం ఖరీదైన పనైతే క్లయింటు ముందే ఆలోచించుకుని వస్తాడు. మార్పు చవకైతే, ఆలోచన వాయిదా పడుతుంది. స్ట్రుజన్ పద్ధతి అచ్చమైన వాటర్‌ఫాల్. కాంపుల దగ్గర ఎంతైనా దెబ్బలాడుకోవచ్చు. ఒకసారి సరేనన్నాక ఆయన తలుపేసుకుని గీస్తాడు, అయిపోయాక తీసుకెళ్ళాలి, అంతే. అట్ట మీద హీరో తలని పది శాతం పెంచమంటే కుదరదు. లేయర్లొచ్చాక కుదురుతుంది. కుదురుతుంది కాబట్టి అడుగుతారు. హీరో ఏజెంటు తల సైజు కొలుస్తాడు, హీరోయిన్ ఏజెంటు అంతే సైజు కావాలంటాడు, మార్కెటింగులో ఒకాయనకి నీలం నచ్చదు, విదేశీ పంపిణీదారుకి తుపాకి కనపడాలి. ప్రతివాళ్ళ మాటా నెగ్గుతుంది. ఆఖరికి మిగిలేది రెండు పెద్ద తలలు, మధ్యలో ఒక నగరం. పైన పేర్లు ఒక వరసలో, కింద ముఖాలు ఇంకో వరసలో ఉండి, ఒకరి తల మీద ఇంకొకరి పేరుండటం మీరు గమనించే ఉంటారు. పేర్ల వరస కాంట్రాక్టు ప్రకారం, ముఖాల వరస అందం ప్రకారం. రెండిటినీ కలిపి చూసిన మనిషి ఎవరూ లేరన్నమాట.

మన రంగంలో దీన్నే గొప్పగా చెప్పుకున్నాం. కెంట్ బెక్ 1999లో ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ మీద రాసిన పుస్తకం ఉపశీర్షికే మార్పుని కావలించుకోమని. సాఫ్ట్‌వేరుకి అది మంచి సలహా అనే నేనిప్పటికీ అంటాను. కోడు మార్చాక టెస్టులు నడుపుకోవచ్చు, విరిగితే తెలుస్తుంది. బొమ్మకి టెస్టులు లేవు. ముప్ఫై చిన్న మార్పుల తర్వాత బొమ్మ చచ్చిపోయినా ఎక్కడా ఎర్ర దీపం వెలగదు.

ఈ మార్పు స్ట్రుజన్‌కి ఎలా తగిలిందో చెప్పే సినిమా దృశ్యం ఒకటుంది. 2007లో ఫ్రాంక్ డారబాంట్ తీసిన "ది మిస్ట్"లో హీరో సినిమా పోస్టర్లు గీసే చిత్రకారుడు. ఆ పాత్రకి మూలం స్ట్రుజనే. మొదటి సీనులో అతని స్టూడియో గోడల మీద కనబడేవి స్ట్రుజన్ బొమ్మలే. తుఫానులో చెట్టు పడి, గీస్తున్న బొమ్మ పాడైపోతుంది. స్టూడియోవాళ్ళు ఫొటోషాప్‌లో ఏదో ఒకటి అతికించి కానిచ్చేస్తారులే అని అతను నిట్టూరుస్తాడు. డారబాంట్ తన స్నేహితుడి తరఫున పళ్ళు నూరిన మాటది. 2004లో గియెర్మో డెల్ టోరో "హెల్‌బాయ్"కి ముచ్చటపడి స్ట్రుజన్ చేత గీయించుకున్నాడు. ప్రధాన ప్రచారానికి మాత్రం ఫొటో పోస్టర్లే వెళ్ళాయి. దర్శకుడికి బొమ్మ కావాలి, దర్శకుడి మాట చెల్లదు. 2008లో నాలుగో ఇండియానా జోన్స్ సినిమా అయ్యాక, 61 ఏళ్ళ వయసులో స్ట్రుజన్ రిటైరవుతున్నానని ప్రకటించారు. చెయ్యి వణికినందువల్ల కాదు. 2013లో ఆయన మీద వచ్చిన డాక్యుమెంటరీలో ఆ విసుగు దాపరికం లేకుండా కనబడుతుంది. తర్వాత ఒకటి రెండుసార్లు బయటికొచ్చారు. 2015లో "ది ఫోర్స్ అవేకెన్స్"కి ఒక ప్రత్యేక పోస్టరు, 2019లో "హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్" మూడో సినిమాకి ఇంకొకటి.

ఫొటోషాపే పాపిష్టిదైతే, 2016లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన "స్ట్రేంజర్ థింగ్స్" సీరియల్ పోస్టరుని ఎలా అర్థం చేసుకోవాలి? అది గీసిన కైల్ లాంబర్ట్ అనే బ్రిటిష్ చిత్రకారుడు అట్టా, జెస్సో ఏమీ వాడలేదు. ఐప్యాడ్ మీదా, ఫొటోషాప్‌లోనూ డిజిటల్‌గా పెయింటు చేశాడు. అయినా చూడగానే 1980ల స్ట్రుజన్ గుర్తొస్తాడు. ఎర్రటి ఆకాశం, ముఖాల గుట్ట, కింద సైకిళ్ళ మీద పిల్లలు, ఒకే చోటునుంచి వచ్చే వెలుతురు. అదే అన్‌డూ, అవే లేయర్లు ఆయన చేతిలోనూ ఉన్నాయి. ముఖాలన్నిటి మీదా ఒకే వెలుతురు పడిందంటే, ఒకే మనిషి అన్నిటినీ కలిపి చూశాడని అర్థం. ఫొటోలు అతికించిన పోస్టరులో ఒక్కో తల మీద ఒక్కో దిక్కునుంచి వెలుతురు పడుతుంది, ఎందుకంటే ఆ తలలు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు గదుల్లో ఫొటో తీసినవి. అలాగే టెక్సస్‌లోని ఆస్టిన్‌లో పుట్టిన మోండో సంస్థ పాత సినిమాలకి కొత్త పోస్టర్లు స్క్రీన్ ప్రింటింగులో, కొద్ది కాపీలు మాత్రమే వేయించి పేరు తెచ్చుకుంది. స్క్రీన్ ప్రింటింగులో ఒక్కో రంగుకి ఒక్కో తెర, ఒక్కో తెరకి ఖర్చు. అయిదారు రంగుల్లోనే తేల్చుకోవాలి. మళ్ళీ అదే, ముందే తేల్చుకోవడం.

ఇంక 2022 నుంచి నడుస్తున్న చరిత్ర. ఆ ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ బయటికొచ్చింది. ఆ మోడలుకి శిక్షణ ఇచ్చింది లయాన్ 5బీ అనే భాండాగారంలోంచి తీసుకున్న బొమ్మలతో. అందులో దాదాపు 585 కోట్ల బొమ్మలూ, వాటి పక్కన ఇంటర్నెట్టులో ఉన్న వివరణలూ జతలుగా ఉన్నాయి. పోస్టరు పక్కన ఎవరో అభిమాని గీసినవాడి పేరు రాస్తే, ఆ పేరు ఆ బొమ్మ తీరుకి తాళంచెవిలా పనిచేస్తుంది. గ్రెగ్ రుట్‌కోవ్‌స్కీ అనే పోలిష్ చిత్రకారుడు ఆ ఏడాదే, తన పేరు టైపు చేసి జనం తన బొమ్మల్లాంటివి కుప్పలుగా పుట్టిస్తున్నారని గోలపెట్టాడు. స్ట్రుజన్ పేరు కొట్టినా అంతే. బంగారు వెలుతురు, నారింజ ఆకాశం, చెదిరిన అంచులు వస్తాయి. అంచులు ఎందుకు చెదిరాయో మాత్రం ఉండదు. ఆయన అక్కడ ఆగిపోవడానికి కారణం, కన్నుని మధ్యకి లాగాలని. మోడలుకి అది ఒక అలంకారం, అందుకే కొన్నిసార్లు ముఖం మధ్యలో కూడా చెదరగొడుతుంది. లేయర్లు మార్పుని చవక చేస్తే, ఇది బొమ్మనే చవక చేసింది. బల్లకి అవతల ఉన్నాయనకి ఇవతల మనిషి అక్కర్లేదు. నచ్చకపోతే ఇంకో నాలుగు పుట్టించమని బటన్ నొక్కుతాడు. నాలుగొందల్లోంచి ఒకటి ఏరుకోవడమూ, ఒకటి గీయడమూ ఒకటే పని అని వాదించేవాళ్ళతో నేను చాలా టీలు తాగాను, ఒప్పుకోలేకపోయాను.

చట్టం మాట కొస్తే ఇంకా తిరకాసు. అమెరికా చట్టంలో పాత్రలకి కాపీరైటు ఉంటుంది, శైలికి ఉండదు. 2025 జూన్‌లో డిస్నీ, యూనివర్సల్ కలిసి మిడ్‌జర్నీ మీద లాస్ ఏంజెలెస్ ఫెడరల్ కోర్టులో దావా వేశాయి. డార్త్ వేడర్‌లాంటి తమ పాత్రలని అది అడిగినవాళ్ళకల్లా గీసిచ్చేస్తోందని వాళ్ళ ఫిర్యాదు. అంటే డార్త్ వేడర్ శిరస్త్రాణానికి కోర్టుకెళ్ళే యజమాని ఉన్నాడు. పోస్టరు ముద్రణ హక్కులు మామూలుగా స్టూడియోవి. అట్ట మీది అసలు బొమ్మ ఒక వస్తువు, అది ఎవరి దగ్గరుంటే వాళ్ళది, ఆ వస్తువు చేతిలో ఉన్నంతమాత్రాన కాపీరైటు రాదు. ఆ శిరస్త్రాణం మీద వెలుతురు ఎటునుంచి పడాలో తేల్చుకున్న మనిషి తెలివికి ఈ జాబితాలో ఎక్కడా పద్దు లేదు. ఇది చట్టంలో లోపమని నేననను. శైలికి కాపీరైటిస్తే రేపు కైల్ లాంబర్ట్‌కే నోటీసు వస్తుంది. స్ట్రుజన్ కూడా తన ముందు తరం పత్రికల బొమ్మలు వేసిన లైండెకర్‌లాంటి వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాడే. అయితే వాళ్ళలా నేర్చుకోవడానికి ఏళ్ళు పట్టింది, ఆ ఏళ్ళలో వాళ్ళకొక సొంత చెయ్యి తయారయింది.

ఆసక్తి ఉన్నవాళ్ళు 2010లో వచ్చిన "ది ఆర్ట్ ఆఫ్ డ్రూ స్ట్రుజన్" పుస్తకం చూడండి. లైబ్రరీల్లో దొరకొచ్చు. పూర్తయిన పోస్టర్ల పక్కనే ఆయన గీసిన కాంపులూ, స్టూడియోలు వద్దన్నవీ ఉన్నాయి. ముందు వద్దన్నవి చూడండి. తర్వాత అచ్చయిన పోస్టరుకొచ్చి, ముఖం వదిలేసి, చొక్కా కాలరు దగ్గర భూతద్దం పెట్టండి. ఎయిర్‌బ్రష్ రంగు అక్కడ ఆగిపోయి, కిందున్న పెన్సిలు గీత ఇంకా కనబడుతూ ఉంటుంది.